గెలుపు గుర్రం ఎవరు? అమెరికా ప్రైమరీల్లో తెగని లెక్క

2024 ఆరంభంలో నిక్కీ హేలీ రిపబ్లికన్ ఓటర్లకు పదేపదే చెప్పింది ఒక్కటే: బైడెన్‌ను ఓడించాలని నిజంగా ఉంటే నన్ను నిలబెట్టండి. సర్వేలు కూడా ఆమె మాటకు వత్తాసు పలికాయి. బైడెన్‌తో ముఖాముఖి పెడితే ట్రంప్ కన్నా ఆమెకే ఎక్కువ ఆధిక్యం వస్తుందని చాలా సర్వేలు చూపించాయి. ఓటర్లు మాత్రం వినలేదు. ఆమె నెగ్గిన ప్రైమరీలు వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్ రెండే. టికెట్ ట్రంప్‌కు దక్కింది, నవంబరులో ఆయన 312 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు కూడా. అంతమాత్రాన హేలీ వాదన తప్పయిందా? ఆమె నిలబడితే ఇంకా పెద్ద మెజారిటీ వచ్చేదేమో, లేక ట్రంప్ అభిమానులు ఇంట్లో కూర్చుంటే ఓడేదేమో. నిలబడని అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడేవో లెక్కపెట్టే దారి లేదు. అరవై ఏళ్లుగా ఈ చర్చ తెగకుండా సాగడానికి మొదటి కారణం అదే.

రెండో కారణం పద్ధతిలో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో గెలుపు గుర్రాన్ని ఎంచే పని అధిష్ఠానానిది. సర్వేలు చేయించుకుని, సామాజిక సమీకరణాలు చూసుకుని, ఒక్కోసారి నామినేషన్ల చివరి రోజు దాకా నాన్చి బీఫారం చేతిలో పెడుతుంది. అమెరికాలో ఆ పనిని పార్టీ ఓటర్లకే వదిలేశారు. దాంతో అక్కడి ఓటరు రెండు పాత్రలు మోయాలి. తనకు ఎవరు ఇష్టమో తేల్చుకోవాలి, ముక్కూ మొహం తెలియని కోట్ల మందికి ఎవరు నచ్చుతారో కూడా ఊహించాలి. ఈ రెండో పని ఎంతవరకు సాధ్యమన్నదే అసలు ప్రశ్న.

పెద్దల చేతి నుంచి ఓటరు చేతికి

1968లో డెమొక్రాట్ల అభ్యర్థి హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయలేదు. పార్టీ పెద్దలే ఆయన్ను ఎంపిక చేశారు. వియత్నాం యుద్ధ వ్యతిరేకుల ఆగ్రహంతో షికాగో మహాసభ వీధి పోరాటంగా మారింది, హంఫ్రీ ఓడిపోయారు. ఆ దెబ్బకు వేసిన మెక్‌గవర్న్-ఫ్రేజర్ కమిషన్, మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్ల ఎంపికను పార్టీ ఓటర్ల చేతికి మార్చింది. కొత్త నిబంధనలతో జరిగిన మొదటి ఎన్నిక 1972ది. గెలవగలవాడని అందరూ అనుకున్న ఎడ్మండ్ మస్కీ మధ్యలోనే చతికిలబడ్డారు. కమిషన్‌కు తొలుత అధ్యక్షత వహించిన జార్జ్ మెక్‌గవర్న్‌కే టికెట్ దక్కింది. నవంబరులో ఆయనకు మిగిలింది మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్. తక్కిన 49 రాష్ట్రాలూ నిక్సన్‌వే.

ఓటర్లకు వదిలేస్తే ఓడే మనిషిని తెస్తారన్న భయం డెమొక్రాట్ పెద్దల్లో అక్కడ నాటుకుంది. 1982లో హంట్ కమిషన్ సిఫారసుతో సూపర్ డెలిగేట్లు వచ్చారు. ఎంపీల్లాంటి పార్టీ ప్రముఖులకు మహాసభలో ప్రైమరీ ఫలితాలతో పనిలేని ఓటు అన్నమాట. 1984లో వారు గ్యారీ హార్ట్‌ను కాదని అనుభవజ్ఞుడైన వాల్టర్ మాండేల్ వెనుక నిలిచారు. మాండేల్ కూడా సరిగ్గా 49 రాష్ట్రాలు పోగొట్టుకున్నారు. పెద్దల అంచనా ఓటర్ల అంచనా కన్నా మెరుగని చెప్పడానికి ఆ ఫలితం ఏమాత్రం పనికిరాలేదు. అయినా ఆ ఏర్పాటు చాలాకాలం నిలిచింది. పోటీ తేలని పక్షంలో మొదటి విడత ఓటింగ్‌లో వారికి ఓటు లేకుండా చేసింది 2018లో.

రిపబ్లికన్ల అనుభవం ఇంకో దారిలో నడిచింది. 1964లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ వంటి మధ్యేవాదుల్ని తోసిరాజని వచ్చిన బ్యారీ గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలకే పరిమితమయ్యారు. లిండన్ జాన్సన్‌కు 61 శాతం ఓట్లు పడ్డాయి. ఆ తర్వాత 1967లో విలియం ఎఫ్. బక్లీ సంప్రదాయవాదులకు ఒక సూత్రం చెప్పారు. గెలిచే అవకాశం ఉన్నవారిలో అందరికన్నా కుడివైపు ఉన్నవాడికి మద్దతివ్వాలన్నది దాని సారం. చెప్పడానికి బాగుంది. కానీ గెలిచే అవకాశం ఎవరికి ఉందో చెప్పకపోతే సూత్రం సగమే. 1980లో రీగన్ మితిమీరిన కుడివాది, నెగ్గడం కష్టమన్నారు. ప్రత్యర్థిగా రీగనే వస్తే మేలని అప్పటి అధ్యక్షుడు కార్టర్ మనుషులు కొందరు సంతోషించారు కూడా. రీగన్ 44 రాష్ట్రాలు గెలిచారు.

ఐదు పోటీలు, ఐదు పాఠాలు

ఇప్పటి చర్చలో అందరూ వేలు పెట్టి చూపించే ఉదాహరణలు ఎక్కువగా 2004 నుంచి ఇటువే.

2004లో డెమొక్రాట్లకు గుండె నిండా నచ్చినవాడు ఇరాక్ యుద్ధాన్ని నిలదీసిన హోవర్డ్ డీన్. అయోవాలో వారు గెలిపించింది జాన్ కెర్రీని. అక్కడ కెర్రీకి 38 శాతం వస్తే డీన్ 18 దగ్గర ఆగిపోయారు. వియత్నాంలో పోరాడి పతకాలు తెచ్చుకున్న మనిషిని దేశభద్రత విషయంలో బుష్ తప్పుపట్టలేరన్నది లెక్క. సరిగ్గా ఆ పతకాల మీదే దాడి జరిగింది. కెర్రీ యుద్ధసేవ బూటకమంటూ కొందరు మాజీ నావికులు ప్రకటనలు గుప్పించారు. బలమనుకున్నదే గాయమైంది. ఆయన ఎలక్టోరల్ ఓట్లలో 286-251 తేడాతో ఓడిపోయారు.

2008లో శ్వేతజాతి శ్రామికులు ఒబామాకు వేయరని హిల్లరీ క్లింటన్ వర్గం గట్టిగా వాదించింది. ఒబామా 365 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్నారు. నాలుగేళ్ల తర్వాత రిపబ్లికన్లు అందరిలోకి 'గెలవగలవాడ'ని ఎంచిన మిట్ రామ్నీ 206 దగ్గర ఆగిపోయారు.

2016లో ఏ కొలతకూ అందని ట్రంప్ గెలిచారు. హిల్లరీకి దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా ఫలితం మారలేదు. ప్రైమరీలో హిల్లరీతో తలపడిన బెర్నీ శాండర్స్ అయితే గెలిచేవాడని ఆయన అభిమానులు ఇప్పటికీ అంటారు, ఆ ఏడాది వసంతంలో వచ్చిన ముఖాముఖి సర్వేలు చూపిస్తారు. ఆయన మీద అప్పటిదాకా ఎవరూ కోట్ల డాలర్ల దుష్ప్రచారం చేయలేదు కదా అన్నది ఎదుటివారి జవాబు. ఇద్దరి మాటలోనూ పస ఉంది, ఇద్దరి చేతిలోనూ రుజువు లేదు.

ఇక 2020. ట్రంప్‌ను దించగలగడమే డెమొక్రాట్లలో చాలామందికి మొదటి అర్హత అయిపోయింది. ఇతర అభ్యర్థుల ఆరోగ్య విధానం మీకు మరికాస్త నచ్చవచ్చు, కానీ ఎవరు గెలుస్తారో చూసుకోండని 2019 ఆగస్టులో న్యూహాంప్‌షైర్‌లో జిల్ బైడెన్ బహిరంగంగానే చెప్పారు. భర్త తరఫున ప్రచారం చేస్తూ ఇంత నిర్మొహమాటంగా మాట్లాడినవారు అరుదు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు బైడెన్‌ను నిలబెట్టారు. పోటీలో ఉన్న పీట్ బుటిజెజ్, ఏమీ క్లోబుచర్ తప్పుకున్నారు. మూడు రోజుల్లో పోటీ తిరగబడింది. నవంబరులో బైడెన్ గెలిచారు కూడా. అయితే 70 లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యం ఉన్నా, అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింట్లో కలిపి మెజారిటీ 45 వేలు దాటలేదు. అది సరైన ఎంపికకు రుజువో, అదృష్టమో ఎవరికి వారు చెప్పుకోవచ్చు.

నడిమి ఓటరు పక్షం

ఈ కథల మీద పరిశోధకులు మూడు పక్షాలుగా చీలారు. అన్నిటికన్నా పాతదీ, అంకెల బలం ఎక్కువున్నదీ నడిమి ఓటరు పక్షం. డంకన్ బ్లాక్ 1948లో వేసిన పునాది మీద ఆంథొనీ డౌన్స్ 1957లో దీన్ని ఎన్నికల సిద్ధాంతంగా కట్టారు. ఓటర్లను ఎడమ నుంచి కుడికి వరసగా నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్నవాణ్ని ఒప్పించినవారే గెలుస్తారన్నది దాని సారాంశం.

దీన్ని పరీక్షించినవారిలో ఆండ్రూ హాల్ 2015లో వేసిన ఎత్తుగడ తెలివైనది. ప్రతినిధుల సభ ప్రైమరీల్లో అతివాది, మధ్యేవాది హోరాహోరీగా తలపడి, కొద్ది ఓట్ల తేడాతో తేలినవాటినే ఆయన ఏరుకున్నారు. అంత తక్కువ తేడాలో ఎవరు నెగ్గారన్నది దాదాపు లాటరీయే కనుక, తర్వాత సాధారణ ఎన్నికలో కనిపించే తేడాను అభ్యర్థి ఖాతాలో వేయవచ్చు. 1980 నుంచి 2010 వరకు చూస్తే, అతివాది నెగ్గినచోట పార్టీ ఓటు సగటున 9 నుంచి 13 శాతం పాయింట్లు పడిపోయింది. గెలిచే అవకాశం 35 నుంచి 54 పాయింట్లు తగ్గింది. సిద్ధాంతాల గొడవలో ఇంత స్పష్టమైన అంకెలు దొరకడం తక్కువ.

వీధిలో కనిపించే సాక్ష్యమూ ఉంది. 2010లో డెలావేర్‌లో మైక్ క్యాసిల్‌ను కాదని క్రిస్టీన్ ఓడనెల్‌ను, 2012లో ఇండియానాలో రిచర్డ్ లూగర్‌ను కాదని రిచర్డ్ మర్డాక్‌ను నిలబెట్టి రిపబ్లికన్లు చేతికందే సెనేట్ సీట్లు జారవిడుచుకున్నారు. 2022 జార్జియా ఇంకా మంచి ప్రయోగశాల. అదే రోజు, అదే రాష్ట్రం, అదే పార్టీ: గవర్నర్ బ్రయన్ కెంప్‌కు 53 శాతం దాటితే, సెనేట్ అభ్యర్థి హర్షల్ వాకర్‌కు 48.5 శాతం వచ్చి, డిసెంబరు రెండో విడతలో ఓటమి మిగిలింది. అయితే వాకర్ ఓటమిని అతివాదం ఖాతాలో వేయాలా, వ్యక్తిగత వివాదాల ఖాతాలో వేయాలా? ఈ పక్షం వారు ఆ రెంటినీ ఒకటిగా చూస్తారు. అది ఈ వాదనలోని నిజమైన లోపం. చెడ్డ అభ్యర్థి వేరు, అతివాద అభ్యర్థి వేరు.

కదిలించే పక్షం

మధ్యలో ఊగే ఓటర్లే మిగలలేదు, ఉన్నదల్లా వచ్చేవారు, రానివారు మాత్రమే అన్నది రెండో పక్షం. సొంత పార్టీ మీద ప్రేమకన్నా ఎదుటి పార్టీ మీద ద్వేషంతోనే జనం ఓటేస్తున్నారని అలన్ అబ్రమోవిట్జ్, స్టీవెన్ వెబ్‌స్టర్ చూపించిన ధోరణి దీనికి ఊతం. 2016లో సెనేట్ పోటీ జరిగిన ప్రతి రాష్ట్రంలోనూ అక్కడ నెగ్గిన అధ్యక్ష అభ్యర్థి పార్టీయే సెనేట్ సీటూ గెలిచింది. సెనేటర్లను ప్రజలే ఎన్నుకోవడం మొదలయ్యాక అలా జరగడం అదే తొలిసారి. ఓటు పార్టీకే పడుతున్నప్పుడు ఊగే మనిషి కోసం చప్పిడి అభ్యర్థిని వెతకడం దండగ, కార్యకర్తలను ఉరికించేవాణ్ని తేవాలంటారు వీరు.

వీరికి రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. హాల్, డేనియల్ థాంప్సన్ 2018లో చూపించినదాని ప్రకారం అతివాద అభ్యర్థి సొంతవారికన్నా ఎదుటివారినే ఎక్కువగా బూత్‌కు రప్పిస్తాడు. రెండోది, శాండర్స్ గురించి డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2020లో 40 వేల మందికి పైగా ఓటర్లను అడిగి తేల్చిన సంగతి. పైకి ఆయన ఇతర డెమొక్రాట్లతో సమానంగానే ఉన్నట్టు కనిపించాడు. లోపల చూస్తే కొందరు మధ్యేవాదులు జారిపోయి, ఆ లోటును మామూలుగా ఓటు వేయని యువకులు పూడుస్తున్నారు. వాళ్లు నిజంగా వస్తేనే లెక్క నిలబడుతుంది. మార్చి ప్రైమరీల్లో ఆ పోటు కనిపించలేదు.

అలాగని ఈ పక్షాన్ని కొట్టిపారేయలేం. రెండుసార్లు గెలిచిన ట్రంప్ వెంట నడిచినవారిలో అంతకుముందు ఓటు అలవాటు లేనివారు గణనీయంగా ఉన్నారు. ఎడమ, కుడి గీత మీద వారి చోటు గుర్తించడం కష్టం. 2025 నవంబరు 4న న్యూయార్క్ మేయర్‌గా సోషలిస్టు జోహ్రాన్ మమ్దానీ, వర్జీనియా గవర్నర్‌గా మధ్యేవాది అబిగైల్ స్పాన్‌బర్గర్ ఒకే రాత్రి గెలిచారు. రెండు పక్షాలూ మర్నాడే ఎవరి విజయాన్ని వారు భుజాన వేసుకున్నారు. డెమొక్రాట్ల కంచుకోట ఊరుకూ ఊగే రాష్ట్రానికీ పోలిక పెట్టడంలో అర్థం లేదన్నవారి గొంతు ఎవరికీ వినపడలేదు.

ఎవరైనా ఒకటే అనే పక్షం

మూడో పక్షం మాటల్లో తక్కువ, గణితంలో ఎక్కువ. ఆర్థిక పరిస్థితి, అధికార పార్టీ ఎన్నాళ్లుగా ఉంది, అధ్యక్షుడికి ఆదరణ ఎంత అన్నవే ఫలితాన్ని చాలావరకు తేలుస్తాయని రే ఫెయిర్ వంటి ఆర్థికవేత్తలు నమూనాలు కట్టారు. మెక్‌గవర్న్ ఓడింది ఆర్థికవ్యవస్థ పుంజుకున్న 1972లో, మాండేల్ ఓడింది 1984లో. వారి స్థానంలో ఎవరున్నా గట్టెక్కేవారు కాదన్నది వీరి వాదన. 1948 నుంచి 2012 దాకా అధ్యక్ష ఎన్నికలు చూసి జాన్ జాలర్ తదితరులు 2016లో చెప్పింది కూడా, అతివాదానికి పడే శిక్ష అనుకున్నంత పెద్దది కాదనే.

హాల్‌కూ జాలర్‌కూ ఇంత దూరం ఎందుకు వచ్చింది? ఒకరు చూసింది వందల ప్రతినిధుల సభ పోటీలను, మరొకరు చూసింది పదిహేడు అధ్యక్ష ఎన్నికలను. పదిహేడు ఫలితాల్లో యుద్ధం, మాంద్యం, కుంభకోణం అన్నీ కలిసిపోయి ఉంటాయి. అభ్యర్థి వాటాను విడదీయడం దాదాపు అసాధ్యం. పైగా అధ్యక్ష ప్రైమరీలో చివరిదాకా మిగిలేది ఎలాగూ బలమైనవారే, ఓడనెల్ లాంటివారు అంతదూరం రారు. నా అంచనాలో ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. కింది స్థాయి పోటీల్లో మనిషిని బట్టి సీటు పోవచ్చు. శ్వేతసౌధం పోటీలో మనిషి వాటా ఒకటి రెండు శాతమే. ఊగే రాష్ట్రాల్లో ఆ ఒకటి రెండు శాతమే ప్రాణం కావడం వేరే సంగతి. 2024లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్ ఓడిన అరిజోనా, మిషిగన్, నెవాడా, విస్కాన్సిన్‌లలో డెమొక్రాట్ సెనేట్ అభ్యర్థులు గెలిచారు. అదే ఏడాది మొంటానాలో జాన్ టెస్టర్, ఒహాయోలో షెరాడ్ బ్రౌన్ తమ పార్టీ అధ్యక్ష అభ్యర్థి కన్నా బాగా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా ఓడిపోయారు.

ఇరుగుపొరుగు మీద అనుమానం

ఈ మూడు పక్షాలూ అభ్యర్థి గురించి మాట్లాడతాయి. ప్రైమరీ ఓటరు తలలో జరిగేది ఇంకొకటి. తనకు ఆడమనిషి అధ్యక్షురాలు కావడం ఇష్టమే, కానీ పక్క ఊరివాళ్లు వేస్తారా? తనకు రంగు పట్టింపు లేదు, కానీ వాళ్లకు ఉంటే? రెజీనా బేట్సన్ 2020లో దీన్ని వ్యూహాత్మక వివక్షగా గుర్తించారు. అర్హతలన్నీ సమానంగా ఉన్నా తెల్లజాతి మగవాడే గెలవగలడని అమెరికన్లు అనుకుంటారని ఆమె సర్వేల్లో తేలింది. ఇక్కడ ఎవరూ పక్షపాతి కానక్కర్లేదు. ఎదుటివాడు పక్షపాతి అని అందరూ నమ్మితే చాలు, ఫలితం ఒకటే.

2020 జనవరిలో డెమొక్రాట్ అభ్యర్థుల చర్చా వేదిక మీద ఎలిజబెత్ వారెన్ దీనికి సూటిగా బదులిచ్చారు. వేదిక మీదున్న మగవాళ్లంతా కలిసి పది ఎన్నికలు ఓడారు, తానూ క్లోబుచరూ దిగిన ప్రతి పోటీ గెలిచామని లెక్క చెప్పారు. చప్పట్లు పడ్డాయి, ఓట్లు పడలేదు. అంతకుముందు 2019లో జరిగిన ఒక సర్వేలో మామూలుగా అడిగితే బైడెన్ ముందున్నారు. మంత్రదండం తిప్పి నేరుగా అధ్యక్ష పదవిలో కూర్చోబెట్టగలిగితే ఎవరిని కూర్చోబెడతారంటే వారెన్ పేరు పైకి వచ్చింది.

అయితే పోటీ చేసిన మహిళలు మగవారితో సమానంగానే గెలుస్తున్నారని 1990ల నుంచి వచ్చిన అధ్యయనాలు చెబుతున్నాయి. అందులో ఒక మెలిక ఉంది: అడ్డంకులు దాటి అంతదాకా వచ్చిన స్త్రీ సగటు మగ అభ్యర్థి కన్నా సమర్థురాలై ఉండవచ్చు. 2016, 2024లో డెమొక్రాట్ల అధ్యక్ష ఓటములు రెండూ స్త్రీలవే కావడంతో అనుమానం మరింత బిగిసింది. రెండు ఉదాహరణలతో సూత్రం కట్టడం తప్పని అందరికీ తెలుసు, అయినా కడతారు.

ఈ అనుమానం ఎలా వీగిపోతుందో చూపేది 2008 అయోవా. అప్పటిదాకా నల్లజాతి ఓటర్లలోనే చాలామంది ఒబామాను తెల్లవారు గెలిపించరన్న శంకతో హిల్లరీ వైపు ఉన్నారు. తెల్లవారే ఎక్కువగా ఉన్న ఆ రాష్ట్రం జనవరి 3న ఆయన్ను గెలిపించగానే లెక్క మారిపోయింది. హైదరాబాదులో పుట్టి నాలుగేళ్ల వయసులో అమెరికా చేరిన గజాలా హష్మీ కథ ఇంకా తాజాది. 2019లో రిపబ్లికన్ల చేతిలో ఉన్న వర్జీనియా రాష్ట్ర సెనేట్ సీటును ఆమె లాక్కున్నారు. 2025 జూన్‌లో హోరాహోరీ ప్రైమరీ దాటి, నవంబరులో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆమె. స్పాన్‌బర్గర్ కన్నా ఆమెకు ఓట్లు కొద్దిగా తగ్గాయి. ఆ కొద్ది తగ్గుదలను పేరుకు పడిన జరిమానా అనవచ్చు, గవర్నర్ పోటీకి ఉండే ఊపు అనవచ్చు.

ప్రత్యర్థి ఎంచిపెట్టే అభ్యర్థి

రాజకీయ వృత్తిలో ఉన్నవారు ఈ చర్చలో తటస్థులు కారు, డబ్బు పెట్టి మరీ తమ నమ్మకం చూపించారు. 2012లో మిస్సోరీ డెమొక్రాట్ సెనేటర్ క్లెయిర్ మెకాస్కిల్ రిపబ్లికన్ ప్రైమరీలో టాడ్ ఏకిన్ నెగ్గాలని, ఆయన 'మరీ సంప్రదాయవాది' అని తిట్టినట్టే తిట్టి పొగిడే ప్రకటనలు వేయించారు. ఏకిన్ నెగ్గారు, అత్యాచారం గురించి ఆయన నోరు జారిన మాటతో ఆమె సీటు నిలిచింది. 2022లో డెమొక్రాట్లు మిషిగన్‌లో జాన్ గిబ్స్‌కు ఇలాగే లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు. ట్రంప్ అభిశంసనకు ఓటేసిన రిపబ్లికన్ పీటర్ మేయర్ ప్రైమరీలో ఓడారు, గిబ్స్ నవంబరులో ఓడారు. ప్రజాస్వామ్యాన్ని కాపాడతామని చెప్పుకునే పార్టీ చేసే పనా ఇది అన్న నొసటి విరుపు ఆ పార్టీలోనే వచ్చింది. కానీ 2015లో హిల్లరీ ప్రచారబృందం కూడా రిపబ్లికన్ పోటీదారులైన ట్రంప్, క్రూజ్, కార్సన్‌లను పెద్దచేసి చూపాలని అనుకున్నట్టు తర్వాత బయటపడ్డ పత్రం చెబుతోంది. ఎవరు ఓడతారో తమకు తెలుసనుకున్న నిపుణుల లెక్క మిస్సోరీలో నిలబడింది, మిషిగన్‌లో నిలబడింది, శ్వేతసౌధం దగ్గర తలకిందులైంది.

ముఖాముఖి సర్వేలు ఇంతకన్నా గొప్పేమీ కాదు. రాబర్ట్ ఎరిక్సన్, క్రిస్టఫర్ వ్లీజియన్ దశాబ్దాల సర్వేలను కలిపి చూస్తే, ఎన్నికకు సుమారు 300 రోజుల ముందు వచ్చేవాటికి ఫలితంతో సంబంధం దాదాపు లేదు. ప్రైమరీలు మొదలయ్యేది దాదాపు అప్పుడే.

ఇంకా తేలనివి

అతివాదానికి పడే జరిమానా తగ్గుతోందా అన్నది మొదటిది. పార్టీల మధ్య గోడ పెరిగేకొద్దీ అది చిక్కిపోతోందని కొందరు, ఒకటి రెండు శాతానికి దిగినా సీట్లు తేల్చేది అదేనని కొందరు. 2025లో గణాంక నిపుణులు దీనిమీద గట్టిగానే పోట్లాడుకున్నారు. స్ప్లిట్ టికెట్ సంస్థ లెక్కలో మధ్యేవాదులకు మంచి లాభం కనిపిస్తే, ఇలియట్ మోరిస్ బృందం లెక్కలో అది చాలా చిన్నది. ఇద్దరిదీ ఒకే ఎన్నికల సమాచారం. పదవిలో ఉన్నవారి అనుభవం, ఖర్చుపెట్టిన డబ్బు, జిల్లా స్వభావం వీటికి ఎంత వాటా ఇవ్వాలన్న దగ్గరే తేడా.

మధ్యేవాది అంటే ఎవరన్నది రెండోది, బహుశా ఇంకా కష్టమైనది. చట్టసభలో వేసిన ఓట్లను బట్టి కొలిస్తే ఒక జవాబు వస్తుంది, ఓటరు మనసులో ఉన్న బొమ్మను బట్టి కొలిస్తే వేరేది. 2016లో చాలామంది ఓటర్ల దృష్టిలో ట్రంప్ అప్పటి రిపబ్లికన్ల కన్నా నడిమివాడే, ఎందుకంటే వృద్ధుల పింఛనుకూ మెడికేర్‌కూ కోత పెట్టనన్నాడు. ఆయన్ను అతివాదిగా లెక్కించిన నమూనా ఏ ఓటరును కొలిచినట్టు?

రాజ్యాంగం 22వ సవరణ వల్ల ట్రంప్ మూడోసారి ఎన్నిక కాలేరు. కనుక 2028లో రెండు పార్టీలూ సిట్టింగ్ అధ్యక్షుడు లేని ప్రైమరీలకు వెళ్లాలి. 2016 తర్వాత అలాంటి పోటీ అదే మొదటిది. డెమొక్రాట్లలో 2024 ఓటమి చదువు ఇంకా రెండు ముక్కలుగానే ఉంది: ఎక్కువ ఎడమకు పోయామన్నవారికీ, శ్రామికుణ్ని వదిలేశామన్నవారికీ ఆ ఫలితాల్లోనే కావలసిన అంకెలు దొరుకుతున్నాయి. మొదట ఏ రాష్ట్రంలో ఓటింగ్ పెట్టాలన్న పోటీ ఈసారి ఇంత ముఖ్యం కావడానికి కారణం కూడా ఇదే. ఏ రాష్ట్రం ముందుంటే ఆ రాష్ట్రపు ఓటర్ల ఊహే దేశమంతటికీ గెలుపు కొలత అవుతుంది.